కిడ్నీ చెడితే ఎముకలకీ రక్తానికీ మందులెందుకు?

ముందు మీరు అడిగింది అందరికీ అర్థమయ్యేలా ఒకసారి చెప్తాను. అమ్మగారికి 58 ఏళ్ళు, దిల్‌సుఖ్‌నగర్‌లో మీ దగ్గరే ఉంటారు, చాలా ఏళ్ళుగా షుగర్ ఉంది, మోకాళ్ళ నొప్పులకి మెడికల్ షాపులో మాత్రలు తెచ్చుకుని వేసుకోవడం అలవాటు. ఇప్పుడు క్రియాటినిన్ 2.4, హిమోగ్లోబిన్ 8.6 వచ్చాయి. కిడ్నీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే వారానికొకసారి రక్తం పెరగడానికి ఇంజెక్షన్, సోడా మాత్రలు, అన్నంతోపాటే వేసుకోవాలని ఒక మాత్ర, విటమిన్ డి, రెండు రకాల బీపీ మాత్రలు రాశారు, నొప్పి మాత్రలు మాత్రం పూర్తిగా మానేయమన్నారు. ఎనిమిదో తరగతి చదివే మీ పాప పుస్తకంలో కిడ్నీ పని మూత్రం తయారు చేయడం అని ఉంది కదా, మరి ఎముకలకీ రక్తానికీ మందులెందుకు, ఇవన్నీ నిజంగా అవసరమా, బిల్లు పెంచడానికి రాశారా అని మీ అనుమానం.

అవసరమే. ఆ రిపోర్టులకి ఆ మందుల జాబితా సరిగ్గా సరిపోతుంది, అందులో అనవసరంగా రాసింది నాకేమీ కనిపించలేదు. నేను ఈ ఊళ్ళోనే మెడికల్ కాలేజీలో చాలా ఏళ్ళుగా ఫిజియాలజీ పాఠాలు చెప్తున్నాను, అంతకుముందు కొంతకాలం డయాలసిస్ వార్డులో డ్యూటీ చేశాను. మీరడిగిన ప్రశ్నే వార్డు బయట బెంచీల మీద కూర్చున్న కుటుంబాలు రోజూ అడిగేవాళ్ళు. సరైన జవాబు దొరక్క కొంతమంది "కిడ్నీకి సంబంధించిన మందు ఒక్కటి చాలు, మిగతావి తర్వాత చూద్దాం" అని ఆపేసేవాళ్ళు, ఆ మిగతావే మనిషిని ముంచేవి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

పాప పుస్తకంలో పదకొండు వ్యవస్థలు ఉంటాయి: జీర్ణ, శ్వాస, రక్తప్రసరణ, విసర్జన, నాడీ, వినాళ గ్రంథులు, ఎముకలు, కండరాలు, చర్మం, రోగనిరోధకం, ప్రత్యుత్పత్తి. ఆ విభజన తప్పేమీ కాదు, శవాన్ని కోసి చూసి నేర్చుకున్న రోజుల నుంచీ అలాగే చెప్తున్నారు, పిల్లలకి అలాగే మొదలుపెట్టాలి కూడా. కానీ బతికున్న మనిషిలో ఈ పదకొండూ ఒకే ద్రవంలో మునిగి ఉంటాయి. 19వ శతాబ్దంలో క్లాడ్ బెర్నార్డ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త గట్టిగా చెప్పిన విషయం ఇది. మన కణాలు బయటి గాలిలోనో నీటిలోనో బతకవు, శరీరం తనలోపల తయారు చేసుకున్న ఒక ద్రవంలో బతుకుతాయి, ఆ ద్రవంలో ఉప్పు, ఆమ్లం, చక్కెర, పొటాషియం అన్నీ ఒక హద్దులో ఉన్నంతకాలమే అవి పనిచేస్తాయి. ఆ హద్దుని కాపాడే పనిలో పెద్ద వాటా కిడ్నీలది. మూత్రం ఆ పని అయ్యాక మిగిలేది. ఈ ఒక్క మాట పట్టుకుంటే మీ ప్రిస్క్రిప్షన్ మొత్తం దానంతట అదే విడిపోతుంది.

లెక్క చూడండి. కూర్చుని ఉన్నప్పుడు గుండె నిమిషానికి దాదాపు 5 లీటర్ల రక్తం కొడుతుంది. అందులో లీటరుకు పైగా నేరుగా కిడ్నీలకే వెళ్తుంది, రెండూ కలిపి 300 గ్రాముల చిల్లర బరువుండే అవయవాలకి. ఒక్కో కిడ్నీలో నెఫ్రాన్లు అనే సన్నని వడపోత గొట్టాలు సుమారు 10 లక్షలు ఉంటాయి, వాటిలో రోజుకి 180 లీటర్ల ద్రవం వడపోతకి వస్తుంది. మన ఒంట్లో ప్లాస్మా అంటే రక్తంలోని ద్రవభాగం మూడు లీటర్లే, అంటే అది రోజుకి అరవై సార్లు ఆ గొట్టాల గుండా వెళ్ళి వస్తుందన్నమాట. ఆ 180 లీటర్లలో బయటికి పోయేది లీటరున్నర. మిగిలినదంతా, ఏది ఎంత వెనక్కి తీసుకోవాలో ఒక్కో పదార్థానికీ చూసుకుంటూ, మళ్ళీ రక్తంలోకి చేర్చేస్తుంది. మూత్రం బాగానే వస్తోంది కదా, కిడ్నీ ఎలా పాడైందంటారు అని చాలామంది వాదిస్తారు. నీళ్ళు బయటికి పోవడం ఒక్కటే ఆ పని కాదు, అందుకే చాలా దూరం పాడయ్యేదాకా మూత్రం మామూలుగానే వస్తుంది.

ఇక క్రియాటినిన్ సంగతి. మామూలుగా 1 చుట్టూ ఉండేది 2.4 అయితే ఏదో రెండింతలు పెరిగింది, సగం పోయింది సగం ఉంది అనుకుంటారు. అలా ఉండదు. క్రియాటినిన్ కండరాల్లోంచి వస్తుంది. కండరం పనిచేయడానికి శక్తిని ఫాస్ఫోక్రియాటిన్ అనే రూపంలో దాచుకుంటుంది, అందులో కొంత భాగం రోజూ దానంతటదే క్రియాటినిన్‌గా మారి రక్తంలో కలుస్తుంది, కిడ్నీ దాన్ని బయటికి పంపుతుంది. ఆ ఫాస్ఫోక్రియాటిన్‌ని 1927లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి బయటపెట్టింది మన యల్లాప్రగడ సుబ్బారావుగారే, భీమవరంలో పుట్టినాయన. మనవాళ్ళకి ఆయన పేరు తెలుసు గానీ తమ చేతిలో ఉన్న కిడ్నీ రిపోర్టుకీ ఆయన పనికీ ఇంత దగ్గర చుట్టరికం ఉందని తెలియదు, ప్రతి బ్యాచ్‌కీ ఈ విషయం నేను తప్పకుండా చెప్తాను. అసలు విషయానికొస్తే, కండ తక్కువ ఉన్నవాళ్ళలో క్రియాటినిన్ తయారయ్యేదే తక్కువ. అరవైకి దగ్గరపడిన ఆడమనిషిలో 2.4 అంటే, దిట్టంగా ఉన్న పాతికేళ్ళ కుర్రాడిలో 2.4 కంటే చాలా ఎక్కువ నష్టం. అందుకే వయసు, ఆడా మగా చూసి, కిడ్నీలు నిమిషానికి ఎంత వడపోస్తున్నాయో చెప్పే ఈజీఎఫ్ఆర్ అని ఒక అంకె లెక్కకడతారు. అమ్మగారికి అది 23 దగ్గర వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న యువకుల్లో 90 పైన ఉంటుంది. 15 నుంచి 29 మధ్య ఉంటే నాలుగో దశ అంటారు. భయపెట్టడానికి చెప్పట్లేదు, ఈ దశలో జాగ్రత్తగా ఉన్నవాళ్ళు డయాలసిస్ లేకుండా ఏళ్ళు గడిపారు. కానీ తేలిగ్గా తీసుకునే దశ కాదు.

రక్తం ఇంజెక్షన్ ఎందుకో ఇప్పుడు చూద్దాం, మీకు అన్నిటికంటే వింతగా అనిపించింది అదే కదా. రక్తకణాలు తయారయ్యేది ఎముకల లోపలి మూలుగలో. ఎర్ర కణం 120 రోజులు బతుకుతుంది, పోయినవాటి చోట కొత్తవి రావాలి. ఎన్ని చేయాలో మూలుగకి తెలియదు, ఆ ఆర్డరు కిడ్నీ నుంచి రావాలి, ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోన్ రూపంలో. కిడ్నీకే ఎందుకు ఈ పని అంటే, అక్కడికొచ్చే రక్తం పరిమాణం, అక్కడ ఖర్చయ్యే ఆక్సిజన్ రెండూ కలిసి పెరిగి కలిసి తగ్గుతుంటాయి, కాబట్టి రక్తంలో ఆక్సిజన్ మోసే శక్తి తగ్గితే ఆ తేడా అక్కడ తేటగా తెలుస్తుంది. కణాలు ఆక్సిజన్ తక్కువైందని ఎలా పసిగడతాయో కనిపెట్టినందుకే 2019లో వైద్యశాస్త్ర నోబెల్ ఇచ్చారు. కిడ్నీ దెబ్బతింటే ఆ హార్మోన్ తగ్గిపోతుంది, మూలుగ బాగానే ఉన్నా చేతులు కట్టుకుని కూర్చుంటుంది. అప్పుడు దానిమ్మ, బీట్‌రూట్, ఖర్జూరం ఎంత పెట్టినా హిమోగ్లోబిన్ కదలదు. పైగా వాటిలో ఉన్న పొటాషియం అమ్మగారికి మంచిది కాదు, దాని గురించి కింద చెప్తాను.

ఈ హార్మోన్‌ని మందుగా 1989లో అమెరికాలో ఆమోదించారు. అది లేని రోజుల్లో కిడ్నీ పేషెంట్లకి ఉన్న దారి పదే పదే రక్తం ఎక్కించడమే, అలా ఎక్కించిన ప్రతిసారీ శరీరంలో పరాయి కణాలకి వ్యతిరేకంగా యాంటీబాడీలు పెరుగుతూ పోయి, తర్వాత కిడ్నీ మార్పిడి చేద్దామంటే సరిపడే దాత దొరకడం కష్టమయ్యేది. అంచేత ఆ ఇంజెక్షన్ ఖరీదైనదైనా మానకండి. రెండు విషయాలు మాత్రం డాక్టర్‌ని అడగండి. ఒకటి, ఐరన్ నిల్వలు చూశారా అని, ఫెరిటిన్, ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ అని రెండు పరీక్షలుంటాయి. ఐరన్ లేకుండా హార్మోన్ ఒక్కటే ఇస్తే మూలుగ దేంతో తయారు చేస్తుంది? రెండోది, ఇంజెక్షన్ మొదలయ్యాక బీపీ పెరగొచ్చు, ఇంట్లో చూస్తూ ఉండాలి. హిమోగ్లోబిన్‌ని 13, 14కి తేవాలని కూడా ఆశపడకండి, అలా ఎక్కువ పెంచినవాళ్ళలో పక్షవాతం ముప్పు పెరిగిందని పెద్ద పరిశోధనల్లో తేలింది, 10 నుంచి 11.5 మధ్య ఉంటే చాలని ఆపుతారు.

సోడా మాత్రలు చూసి గ్యాస్‌కి రాశారేమో అనుకుని ఉంటారు. మనం తిన్న పప్పు, గుడ్డు, మాంసం అరిగాక ఒంట్లో కొంత ఆమ్లం మిగులుతుంది, రోజూ. దాన్ని వదిలించుకోవడానికి రెండు దారులు: కార్బన్ డయాక్సైడ్ రూపంలో పోగలిగేది ఊపిరితిత్తులు నిమిషాల మీద పంపేస్తాయి, మిగతాది కిడ్నీ నెమ్మదిగా మూత్రంలో పంపాలి. కిడ్నీ వెనకబడితే ఆ భారం ఊపిరి మీద పడుతుంది, మనిషి తనకి తెలియకుండానే లోతుగా, గట్టిగా ఊపిరి తీయడం మొదలుపెడతాడు. వార్డులో ఉన్నప్పుడు ఒకాయన్ని తీసుకొచ్చారు, ఆయాసమని చెప్పి అప్పటికే ఉబ్బసం మందులు, ఇన్‌హేలర్ వాడించారు. నిలబడి చూస్తే ఆయన ఊపిరి ఉబ్బసం మనిషిలా పిల్లికూతలతో లేదు, గాలి లోపలికీ బయటికీ సాఫీగానే ఆడుతోంది, కానీ పరుగెత్తి వచ్చినవాడిలా ఒకే లయలో, అంత లోతుగా, మంచం మీద పడుకుని కూడా అలాగే. ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. రక్తంలో ఆమ్లానికి విరుగుడుగా ఉండే బైకార్బొనేట్, అంటే సోడా మాత్రల్లో ఉండేదే, 22కి తగ్గకూడనిది 9 ఉంది. జబ్బు కిడ్నీలో, కనిపిస్తున్నది ఊపిరిలో. ఆ ఆమ్లం అంతటితో ఆగదు, దానికి విరుగుడుగా శరీరం ఎముకల్లోంచి సున్నం కరిగిస్తుంది, కండని తినేస్తుంది. రోజుకి రెండు మూడు సోడా మాత్రలు ఆపే పని ఇదంతా. అందులో సోడియం ఉంటుంది కాబట్టి కాళ్ళ వాపు గమనించుకోవాలి, అంతే.

ఊపిరా, గుండెనా, ఏది ముందు చెడుతుంది అనే గొడవకి మన హైదరాబాద్‌కి పాత సంబంధమే ఉంది. 1888, 1889ల్లో ఇక్కడ క్లోరోఫాం అనే మత్తుమందు మీద క్లోరోఫాం కమిషన్ అని రెండుసార్లు కూర్చుంది, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ డబ్బిచ్చారు, ఎడ్వర్డ్ లారీ అనే బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్ నడిపించారు, రెండోసారి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే పేరున్న డాక్టర్ కూడా వచ్చారు. మత్తు ఇచ్చినప్పుడు మనిషి చనిపోతే ముందు ఆగేది ఊపిరా గుండెనా అన్నది ప్రశ్న. వందలాది జంతువుల మీద చూసి ఊపిరే ముందు ఆగుతుంది, డాక్టర్ కళ్ళు ఊపిరి మీదే ఉండాలి అని తేల్చారు. ఊపిరి గమనించమన్న సలహా చాలా మంచిది, కానీ గుండె సంగతి వాళ్ళు అనుకున్నంత సులువు కాదు. 1911లో లెవీ అనే ఆయన క్లోరోఫాం మత్తు తక్కువగా ఉన్నప్పుడే గుండె లయ తప్పి ఉన్నపళంగా ఆగిపోగలదని చూపించాడు. ఇంత పేరున్నవాళ్ళు అంత శ్రమపడి కూడా ఒక్క అవయవం వైపే చూడటం వల్ల రెండోది తప్పిపోయింది. మీ ఇంట్లో జరుగుతున్న చర్చ కూడా ఇదే, ఇది కిడ్నీ జబ్బా, రక్తం జబ్బా, ఎముకల జబ్బా అని.

ఎముకల దగ్గరికొస్తే కథ ఇంకా పొడుగు. విటమిన్ డి చర్మంలో ఎండ తగిలితే మొదలవుతుంది, అక్కణ్ణుంచి కాలేయానికి వెళ్ళి ఒక మార్పు, కిడ్నీకి వచ్చి ఆఖరి మార్పు. ఆ ఆఖరి మార్పు జరిగితేనే అది పేగుల్లోకి వెళ్ళి మనం తిన్న కాల్షియంని లోపలికి లాగుతుంది. అంటే ఒక విటమిన్ పనిచేయడానికి చర్మం, కాలేయం, కిడ్నీ, పేగు నాలుగూ బాగుండాలి. ఎండకి కొదవలేని ఊళ్ళో ఉంటూ విటమిన్ డి ఏమిటి అని అంటారు, ఎండ సరే, ఆఖరి మెట్టు దగ్గర పని ఆగిపోతే? మరోవైపు ఫాస్ఫరస్ బయటికి పోక రక్తంలో పేరుకుంటుంది. మెడలో థైరాయిడ్ వెనక బియ్యపు గింజంత నాలుగు పారాథైరాయిడ్ గ్రంథులు ఉంటాయి, కాల్షియం తగ్గిందని వాటికి తెలిసిన మరుక్షణం హార్మోన్ వదులుతాయి, ఆ హార్మోన్ ఎముకల్లోంచి కాల్షియం తోడి రక్తంలో పోస్తుంది. గుండె, నరాలు కాల్షియం లేకుండా క్షణం నడవవు కాబట్టి శరీరం ఎముకని పణంగా పెట్టి వాటిని కాపాడుతుంది. ఇలా నెలల తరబడి సాగితే ఎముకలు గుల్లబారతాయి, ఆ కాల్షియం, ఫాస్ఫరస్ కలిసి పోయి రక్తనాళాల గోడల్లో పేరుకుని వాటిని గట్టిపరుస్తాయి. కిడ్నీ పేషెంట్లలో చాలామందిని చివరికి తీసుకెళ్ళేది కిడ్నీ కాదు, గుండె, రక్తనాళాలే. అన్నంతో వేసుకోమన్న మాత్ర పని కడుపులోనే తిండిలోని ఫాస్ఫరస్‌ని పట్టుకుని మలంతో బయటికి పంపడం. అన్నం తిన్న రెండు గంటలకి వేసుకుంటే దండగే, ముద్దల మధ్యలోనే వేసుకోవాలి. అమ్మగారికి ఒళ్ళంతా దురద ఉందని రాశారు, చర్మం డాక్టర్ క్రీములు రాశారట. ఫాస్ఫరస్ ఎంతుందో ఒకసారి చూపించండి, చాలాసార్లు దురదకి అదీ ఒక కారణం. మళ్ళీ సుబ్బారావుగారే గుర్తొస్తారు, రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని 1925లో ఆయనా ఫిస్కే కలిసే ఇచ్చారు, దశాబ్దాల పాటు ప్రపంచమంతా ల్యాబుల్లో అదే వాడారు.

నల్గొండ వైపు చుట్టాలుంటే ఈ ఎముక సంగతి మీకు మరోలా తెలిసే ఉంటుంది. నీళ్ళలోని ఫ్లోరైడ్ ఎముకల్లో చేరి వెన్నుపూసలు బిగుసుకుపోయి, మధ్యలో ఉండే నరాల తాడు నొక్కుకుపోయి కాళ్ళు పడిపోయినవాళ్ళు అక్కడ ఎంతమందో. ఎముక జబ్బు నడకలో బయటపడింది. ఆ ఫ్లోరైడ్‌ని బయటికి పంపేది కూడా కిడ్నీయే, అది నెమ్మదిస్తే చేరిక ఇంకా ఎక్కువవుతుంది.

బీపీ మాత్రలు ఎందుకో చూద్దాం. కిడ్నీకి రక్తం తగ్గినట్టు అనిపిస్తే రెనిన్ అనే పదార్థం వదులుతుంది. అది కాలేయం తయారు చేసిన ఒక ప్రొటీన్‌ని కోస్తుంది, ఆ ముక్క ముఖ్యంగా ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఇంకో మార్పు చెంది యాంజియోటెన్సిన్ అవుతుంది, అది రక్తనాళాలని బిగిస్తుంది, కిడ్నీ మీద కూర్చునే ఎడ్రినల్ గ్రంథిని తట్టి ఉప్పు పట్టి ఉంచమంటుంది, మెదడుకి దాహం పుట్టిస్తుంది. రక్తం ఎక్కువ పోయినప్పుడు ప్రాణం నిలబెట్టే ఏర్పాటు ఇది. షుగర్‌తో దెబ్బతిన్న కిడ్నీలో అవసరం లేకపోయినా ఇది నడుస్తూ బీపీ పెంచుతుంది, పెరిగిన బీపీ మిగిలిన నెఫ్రాన్లని ఇంకా పాడుచేస్తుంది. మీ ప్రిస్క్రిప్షన్‌లో పేరు చివర "సార్టన్" అని ఉన్న మాత్ర ఈ గొలుసుని కత్తిరించేది, మూత్రంలో ప్రొటీన్ పోవడాన్ని కూడా తగ్గిస్తుంది. అది మొదలుపెట్టాక ఒకటి రెండు వారాల్లో క్రియాటినిన్, పొటాషియం మళ్ళీ చేయించమంటారు, ఆ పరీక్ష ఎగ్గొట్టకండి. క్రియాటినిన్ కొంచెం పెరిగితే కంగారుపడి మీ అంతట మీరు ఆపేయకండి, కొంత పెరుగుదల ఊహించేదే, ఎంతవరకు ఫర్వాలేదో డాక్టర్ చెప్తారు.

ఆ నొప్పి మాత్రల గురించి కోపంగానే రాస్తున్నాను, మీ మీద కాదు, చీటీ లేకుండా అడిగినన్ని ఇచ్చే పద్ధతి మీద. డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ లాంటివి నొప్పి పుట్టించే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలని ఆపుతాయి. అవే ప్రోస్టాగ్లాండిన్లు కిడ్నీలోకి వెళ్ళే సన్నని రక్తనాళాన్ని తెరిచి ఉంచుతాయి. మోకాలికి హాయి, అదే గంటలో కిడ్నీకి రక్తం తక్కువ. వయసు, షుగర్, బీపీ మాత్రలు, పైన ఎండాకాలం నీళ్ళు తక్కువ తాగడం, వీటన్నిటి మీద ఈ మాత్ర పడితే కిడ్నీ తట్టుకోలేదు. నొప్పికి పారాసిటమాల్ ఎంత మోతాదులో వాడొచ్చో డాక్టర్‌నే అడగండి, పైపూతలు, ఫిజియోథెరపీ చూడండి. ఆకు పసర్లు, పేరులేని పొడులు వద్దు.

పొటాషియం గురించి చెప్తానన్నాను. రక్తంలో 3.5 నుంచి 5 మధ్య ఉండాలి. ఇది పెరిగితే నొప్పి ఉండదు, వాపు ఉండదు, 6.5 దాటాక గుండె లయ తప్పి ఒక్కసారిగా మనిషి పడిపోవచ్చు. ఎండలకి నీరసంగా ఉందని ఇంటికొచ్చిన చుట్టాలు ప్రేమగా తెచ్చే కొబ్బరి బొండం అమ్మగారి దశలో ప్రమాదం. దానికంటే కనపడని ప్రమాదం బీపీ వాళ్ళకి మంచిదని అమ్మే తక్కువ సోడియం ఉప్పు, అందులో సోడియం తీసేసి పెట్టేది పొటాషియమే. ఇంట్లో ఆ ప్యాకెట్ ఉంటే ఈరోజే తీసేయండి. మామూలు ఉప్పే, తక్కువగా. పచ్చళ్ళు, అప్పడాలు, బయటి బిర్యానీ, రంజాన్ నెలలో హలీం, వీటిలో ఉప్పు ఎంత పడుతుందో మీకు చెప్పనక్కర్లేదు. కూరగాయలు ముక్కలు కోసి ఎక్కువ నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు పారబోస్తే పొటాషియం కొంతవరకు తగ్గుతుంది. ఏం తినాలో ఎంత తినాలో కిడ్నీ డైటీషియన్ దగ్గర కూర్చుని రాయించుకోండి, ప్రొటీన్ విషయంలో ఎవరి మాటో విని పప్పు, గుడ్డు మొత్తం మానేయించకండి, కండ కరిగిపోతుంది.

మీరు చివర్లో ఒక మంచి వార్తలా రాసిన మాట నన్ను ఎక్కువ ఆందోళనపెట్టింది. "ఈమధ్య అమ్మ షుగర్ బాగా కంట్రోల్‌లోకి వచ్చింది, ఒక్కోసారి 80 కూడా చూపిస్తోంది" అన్నారు. ఇన్సులిన్‌ని కరిగించి ముగించే పనిలో కిడ్నీకి పెద్ద వాటా ఉంది. కిడ్నీ మందగిస్తే అదే మోతాదు ఇన్సులిన్ ఎక్కువసేపు ఒంట్లో ఉంటుంది, కొన్ని షుగర్ మాత్రలు కూడా అంతే. దాంతో షుగర్ తగ్గినట్టు కనిపిస్తుంది, జబ్బు తగ్గింది కాదు. రాత్రి భోజనం సరిగ్గా చేయని రోజున తెల్లవారుజామున చెమటలు పట్టి, మాట తడబడి, లేపినా లేవని స్థితికి వెళ్ళొచ్చు. ఇలాంటి పేషెంట్లని ఉదయం ఆరింటికి ఎమర్జెన్సీకి తీసుకురావడం నేను చూశాను, ఇంట్లోవాళ్ళు పక్షవాతం అనుకుని తెస్తారు. రేపే షుగర్ డాక్టర్‌కి ఈజీఎఫ్ఆర్ 23 అని చెప్పి మోతాదు చూపించుకోండి. మెట్‌ఫార్మిన్ వాడుతుంటే అదీ చెప్పండి, 30 కంటే తగ్గాక దాన్ని ఆపుతారు. కిడ్నీ డాక్టర్, షుగర్ డాక్టర్, ఎముకల డాక్టర్ ఒకరి చీటీ ఒకరు చూడకపోవడం మన దగ్గర పెద్ద సమస్య, అన్ని మందులూ ఒకే కాగితం మీద రాసి ప్రతిచోటా ముందు అదే చూపించండి.

మిగిలిన వ్యవస్థల గురించి క్లుప్తంగా. రక్తంలో వ్యర్థాలు పెరిగితే మెదడులోని వాంతి కేంద్రం కదిలి పొద్దున్నే వికారం, నోట్లో ఏదో లోహం రుచి, రాత్రిళ్ళు కాళ్ళు ఊరికే కదపాలనిపించడం వస్తాయి, ఇవి పెరుగుతుంటే డాక్టర్‌కి చెప్పాలి. రోగనిరోధక శక్తి తగ్గుతుంది, హెపటైటిస్ బి టీకా ఇప్పుడే వేయించండి, డయాలసిస్ దాకా వెళ్ళాక టీకాకి శరీరం అంత బాగా స్పందించదు. వయసులో ఉన్న ఆడవాళ్ళకైతే నెలసరి కూడా తప్పుతుంది. కంటి వెనక రెటీనా పరీక్ష ఏడాదికోసారి తప్పనిసరి, షుగర్ కిడ్నీలో ఏ సన్నని నాళాలని పాడుచేస్తుందో కంట్లోనూ అలాంటివాటినే చేస్తుంది. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజు మాత్రం బీపీ మాత్రలు వేసుకునే ముందు డాక్టర్‌కి ఫోన్ చేయండి, ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు ఆ మాత్రలే కిడ్నీకి రక్తం ఇంకా తగ్గిస్తాయి.

పాపకి ఏం చెప్పాలి అని అడిగారు. అమ్మమ్మ ప్రిస్క్రిప్షన్ ముందు పెట్టుకుని ఒక్కో మందు ఎదురుగా అది తన పుస్తకంలో ఏయే పాఠాలకి సంబంధించిందో రాయమనండి. విటమిన్ డి ఒక్కదాని ఎదురుగానే నాలుగు పాఠాలు రాయాల్సి వస్తుంది.

ఒక్క జాగ్రత్త ఇప్పటినుంచే మొదలుపెట్టాలి, దీన్ని చాలామందికి ఎవరూ ముందుగా చెప్పరు. ఒకవేళ ముందుముందు డయాలసిస్ అవసరమైతే ముంజేతిలో ధమనిని సిరతో కలిపి ఫిస్టులా అని చిన్న ఆపరేషన్ చేస్తారు, ధమని ఒత్తిడికి ఆ సిర కొన్ని వారాల్లో లావెక్కి గట్టిపడితేనే సూది గుచ్చడానికి పనికొస్తుంది. సాధారణంగా రోజూ పనిచేయని చెయ్యి ఎంచుకుంటారు, అమ్మగారు కుడిచేతి వాటం అయితే ఎడమ చెయ్యి. మణికట్టు నుంచి మోచేయి దాకా ఆ చేతి సిరల్లో ఇక సెలైన్ సూదులు, రక్తం తీయడం ఏదీ వద్దు, ల్యాబ్ వాళ్ళకి వీలైనంతవరకు కుడి అరచేతి వెనక నుంచి తీయమని ముందే చెప్పండి, వాళ్ళు ఎడమ చెయ్యే సులువుగా ఉందన్నా సరే ఒప్పుకోవద్దు.